పరదేశములలో పానపాత్ర పరిమాణము

 

నేడు నేను ప్రసంగింపబూనిన విషయము మీలో కొందరికి వింతగా దోపవచ్చును. ముప్పది యైదేండ్లు పిల్లలకు శబ్దమంజరియు, బాలవ్యాకరణమును, త్రైరాశికమును చెప్పి, యిప్పుడు పని చాలించి యింటనున్న యొక పంతులు, పరదేశముల భోజనశాలలలో ద్రాక్షాసవమును గ్లాసున కెంత పోయుదురో విచారించుట యేమని మీరనవచ్చును. నేను మద్యమును ముట్టినవాడను గాను. మిమ్ము ముట్టుడని చెప్పుటకును రాలేదు. సారాయి మన పల్లెలలో నెన్ని కాపురములను గూల్చినదో, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు దాని నెందుల కెదిరించిరో మీకు దెలియనిది కాదు.

అయినను కాలగతిని చూడుడు. మన పల్లెల బిడ్డలు నేడు లండనులో నున్నారు, డల్లసులో నున్నారు, మెల్బోరనులో నున్నారు. కోడలికో కూతురికో పురుడు వచ్చినప్పుడు, మనుమని పుట్టినరోజునకు, మన యీడువారు విమానమెక్కి పోవుచున్నారు. విమానములోనే ద్రాక్షాసవపు చిన్న సీసా నెదుట బెట్టి కావలెనా యని యడుగుదురు. అక్కడ చేరిన పిమ్మట విందులలోను, భోజనశాలలలోను ఆ ప్రశ్న మరల మరల వినబడును. కొందరు వలదందురు. వారికి చిక్కు లేదు. కొందరు మర్యాదకై, కొందరు వేడుకకై, కొందరు పూర్వపు టలవాటు చొప్పున "ఒక్క గ్లాసు" అందురు. ఆ మాటలోనే చిక్కంతయు నున్నది. "ఒక్క" యనునది సంఖ్య; "గ్లాసు" అనునది పాత్ర. ఈ రెంటిలో నేదియు కొలత కాదు. కొలత యెరుగనివాడు తానెంత త్రాగెనో యెరుగడు. ఎంత చెల్లింపవలెనో యెరుగడు. వైద్యుడడిగిన నేమి చెప్పవలెనో యెరుగడు. నేడు నేను చెప్పదలచినది ఇంతమాత్రమే: గ్లాసులను లెక్కింపకుడు, మిల్లీలీటర్లను లెక్కింపుడు.

పాత్ర వేరు, కొలత వేరు అనుట మనకు క్రొత్త సంగతి కాదు. నా బాల్యమున మా యింట గిద్దె, సోల, తవ్వ, మానిక వాడుకలో నుండెను. చెంబెడు నీళ్ళనిన నెవ్వరును కొలత యడుగరు. సోలెడు నేయి యనిన మాత్రము ఏ సోల యని యడుగుదురు. ఏలయనగా, ఒక యూరి సోల మరియొక యూరి సోలతో సరిపడెడిది కాదు. ఆ బాధ తొలగుటకే 1956లో మన దేశమున తూనికలు కొలతల చట్టము చేసి, క్రమక్రమముగా లీటరును, కిలోగ్రామును దేశమంతట నిలిపిరి.

మద్యమునకు సరియైన కొలత యుండవలెనను విచారము అంతకంటె మిక్కిలి ప్రాచీనమైనది. కౌటిల్యుని యర్థశాస్త్రమున రెండవ యధికరణములో సురాధ్యక్షుని గూర్చి యొక ప్రకరణమే కలదు. శుచిత్వము తెలిసినవారికి మాత్రమే మద్యమును వెలుపలికి గొనిపోనీయవలెననియు, అదియును కుడుబములో నాలవ పాలు, అరకుడుబము, కుడుబము, అరప్రస్థము, ప్రస్థము అను నిర్ణీతపు కొలతలలోనే యుండవలెననియు నందు విధింపబడినది. ఆ గ్రంథముననే పౌతవాధ్యక్షుడను వేరొక యధికారి కలడు. నాలుగు నెలల కొకమారు కొలపాత్రలకు ముద్ర వేయించుట యాతని శాఖలోని పని. పశ్చిమమున జూచినను ఇంతియే. 1215వ సంవత్సరమున ఇంగ్లండున జాన్ రాజుచే ప్రభువులు ఒప్పించిన మాగ్నాకార్టా యను శాసనములో ముప్పదియైదవ నిబంధన, రాజ్యమంతట ద్రాక్షాసవమునకు ఒకే కొలత యుండవలెనని చెప్పుచున్నది. రాజునకును ప్రభువులకును యుద్ధము వచ్చునంతటి తగవులో సయితము పానపు కొలత మరువబడలేదు. కొలత యనునది బీదవానికి రక్ష యని యిరు దేశములవారును ఎరుగుదురు.

ఇప్పుడు మనవారు తరచుగా పోవు దేశములను వరుసగా జూతము.

మొదట ఇంగ్లండు. 1988నాటి యుత్తరువు ననుసరించి, అక్కడ నురుగులేని ద్రాక్షాసవమును గ్లాసుల లెక్కను అమ్మువారు 125 మిల్లీలీటర్లుగా గాని, 175 మిల్లీలీటర్లుగా గాని, లేదా వాని గుణిజములుగా గాని పోయవలెను. రుచి చూచుటకై పోయు 75 మిల్లీలీటర్ల లోపు కొలతకు 2011 నుండి మినహాయింపు కలదు. 125నకు రెట్టింపు 250 గనుక అదియు చెల్లును. ఈ మూటికిని చిన్నది, నడిమిది, పెద్దది యని పేర్లు పెట్టినారు. కాని పేర్లను నమ్మరాదు. కొన్ని చోట్ల 175నకే చిన్నదని పేరు. కావున "చిన్నది" యని యడిగిన మనకు 125 వచ్చునో, 175 వచ్చునో నిశ్చయము లేదు.

ఇంగ్లండు, వేల్సులలో 2010నాటి నిబంధనల చొప్పున, నురుగులేని ద్రాక్షాసవమును గ్లాసులలో అమ్ము ప్రతి పానశాలయు 125 మిల్లీలీటర్ల కొలతను తప్పక యుంచవలెను. ధరల పట్టికలో దానిని చూపవలెను. 2014లో మరియొక నియమము చేర్చిరి: అడుగువాడు పరిమాణము చెప్పనప్పుడు, చిన్న కొలత కూడ కలదని యాతనికి తెలుపవలెను. చట్టమిట్లున్నది. వాడుకలో మాత్రము పనిత్వరలో నున్న వడ్డించువాడు "నడిమిదా, పెద్దదా?" అని రెండే మాటలడుగుట కలదు. అడుగనివానికి చిన్న కొలత కనబడదు; అడిగినవానికి లేదనుటకు వీలు లేదు. ఈ సంగతి తెలిసియుండుట మేలు.

అక్కడి సాధారణపు సీసాలో 750 మిల్లీలీటర్లు పట్టును. లెక్క చూడుడు. 125 చొప్పున నారు గ్లాసులగును. 250 చొప్పున మూడే యగును. అనగా పెద్ద గ్లాసు త్రాగినవాడు సీసాలో మూడవ వంతు త్రాగినవాడు. రెండు పెద్ద గ్లాసులు త్రాగినవాడు మూడింట రెండు పాళ్ళు ముగించినవాడు. అయినను వాని నోట వచ్చునది "రెండే గ్లాసులు" అను మాట.

ఇది కేవలము మాటల చమత్కారము కాదు. ప్రాణముమీదికి వచ్చు సంగతి. నేను లండనులో మా యల్లుని యింట నున్నప్పుడు కన్నులార జూచినదానిని చెప్పెదను. మా యల్లుని మిత్రుడొకడు తన తండ్రిగారితోపాటు నన్నును విందునకు గొనిపోయెను. ఆ పెద్దమనిషి గోదావరి జిల్లా రైతు, నా యీడువాడు. చిరకాలముగా మధుమేహమునకు ఇన్సులిను సూదిమందు వేసికొనుచున్నాడు. ఊరి వైద్యుడు, పండుగకో విందునకో తప్పనిసరి యైనచో రెండు చిన్న గ్లాసులకు మించరాదని యాయనతో చెప్పియుండెనట. ఆయన ఆ మాటను వేదవాక్యముగా బట్టుకొనినాడు. వడ్డించు పిల్లవాడు వచ్చి పెద్దదేనా యని యడుగగా, అతిథి యగుటచే వలదనలేక తలయూపెను. అట్లు రెండుమార్లు జరిగెను. ఆ రాత్రి యింటికి వచ్చిన రెండు మూడు గంటలకు ఆయనకు చెమటలు పట్టెను, చేతులు వణకెను, మాట తడబడెను. ఇంటివారు తొలుత అది మద్యపు మైకమేమో యనుకొనిరి. కుమారుడు వెంటనే రక్తపరీక్ష చేసి చక్కెర మిగుల పడిపోయినదని గ్రహించి, పంచదార నీళ్ళు త్రాగించి, వైద్యసహాయమునకు ఫోను చేసెను. దైవకృపచే తెల్లవారునప్పటికి కోలుకొనెను.

మరునాడు నేను చూడబోగా ఆయన, "పంతులుగారూ! వైద్యుడు రెండనెను, నేను రెండే పుచ్చుకొంటిని గదా. నా వలన తప్పేమి జరిగినది?" అని యడిగెను. ఆయన యన్నమాట నిజమే. లెక్క తప్పలేదు, కొలత తప్పినది. వైద్యుని మనస్సులోని రెండు గ్లాసులు కలసి 250 మిల్లీలీటర్లు. ఆయన పుచ్చుకొన్న రెండు గ్లాసులు కలసి 500. పథ్యము సంఖ్యలో నిలిచినది, పరిమాణములో రెట్టింపైనది.

మధుమేహము గలవారు ఈ సంగతిని చక్కగా గుర్తుంచుకొనవలెను. రక్తములో చక్కెర తగ్గినప్పుడు కాలేయము తన నిలువలోనుండి చక్కెరను విడుదల చేయును. మద్యము చేరినప్పుడు కాలేయము దానిని హరించు పనిలో బడి ఈ పనిని సరిగా చేయజాలదు. ఇన్సులిను గాని, చక్కెరను దింపు కొన్ని రకముల మాత్రలు గాని వాడువారికి అందుచేత చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. అది త్రాగిన వెంటనే గాక కొన్ని గంటల తరువాత, నిద్రలో కూడ రావచ్చును. దాని లక్షణములు మైకము లక్షణములను బోలియుండుటచే ప్రక్కనున్నవారు పొరబడుదురు. నిద్రమాత్రలు, రక్తమును పలుచబరచు మందులు మొదలైనవి వాడువారును వైద్యుని సలహా లేక ఆ పాత్రను తాకరాదు. వైద్యుని అడుగునప్పుడును "ఎన్ని గ్లాసులు?" అని యడుగరాదు; "ఎన్ని మిల్లీలీటర్లు?" అని యడుగవలెను. వలదని యాయన చెప్పినచో మరి ప్రశ్నయే లేదు.

ఇక మద్యసారపు లెక్క. ఇంగ్లండులో పది మిల్లీలీటర్ల శుద్ధమద్యసారమును, అనగా ఎనిమిది గ్రాములను, ఒక యూనిట్ అందురు. దీనిని తెలిసికొనుటకు మన చిన్ననాటి త్రైరాశికమే చాలును. పావులూరి మల్లన తెనుగున గణితము చెప్పిననాటినుండి మనవారికి లెక్క కొత్తది కాదు. సీసాపై మద్యసారము నూటికి ఎంతయో వ్రాసియుండును. త్రాగిన మిల్లీలీటర్లను ఆ సంఖ్యచే హెచ్చించి వేయిచే భాగింపవలెను. నూటికి 12 గల ద్రాక్షాసవము 125 మిల్లీలీటర్లైనచో ఒకటిన్నర యూనిట్. 175 ఐనచో 2.1, 250 ఐనచో 3. అదియే నూటికి 14 గలదైనచో 250 మిల్లీలీటర్లకు మూడున్నర. మన రైతు రెండు చిన్న గ్లాసులతో మూడు యూనిట్లు పుచ్చుకొనవలసినవాడు రెండు పెద్ద గ్లాసులతో ఆరు పుచ్చుకొనెనన్నమాట.

2016లో ఇంగ్లండు ప్రభుత్వ వైద్యాధికారులు, స్త్రీపురుషు లెవ్వరైనను వారమునకు 14 యూనిట్లు మించకుండుట మేలని చెప్పిరి. నూటికి 12 గల ద్రాక్షాసవమున ఇది చిన్న గ్లాసులు తొమ్మిదింటికి కొంచెము పైగా నగును. పెద్ద గ్లాసులైనచో అయిదుకూడ కావు. ఇది వారమంతటికిని లెక్క, ఒకనాటికి గాదు. అయినను దీనిని అనుమతిగా నెంచరాదు. 2023లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారి ఐరోపా శాఖ, ఆరోగ్యమునకు హాని లేని మద్యపరిమాణ మేదియు లేదని స్పష్టముగా ప్రకటించినది. కొలత తగ్గినకొలది హాని తగ్గును. సున్నకు మించిన క్షేమము లేదు.

ఇంగ్లండును విడిచి ఐరోపాఖండమునకు పోవుదము. జర్మనీలో నొక మంచి యేర్పాటు కలదు. అక్కడ పానశాలలలోని గాజుపాత్రపై నొక సన్నని గీతయు, దాని ప్రక్కన 0.1 అనియో, 0.2 అనియో, 0.25 అనియో లీటరు భాగమును సూచించు సంఖ్యయు నుండును. ఆ గీతవరకు పోయవలెను. తక్కువైనచో త్రాగువాడు గీతను చూపి నింపుమని యడుగవచ్చును. మన పౌతవాధ్యక్షుని ముద్ర గుర్తునకు రాకమానదు. అయినను అక్కడను మాటలతో మోసపోవచ్చును. "షొప్పెన్" అను మాట కొన్ని ప్రాంతములలో పావు లీటరు; ద్రాక్షతోటలకు పేరుపొందిన ఫాల్ట్స్ ప్రాంతములో అదే మాటకు అర లీటరు. అక్కడివారు ఆ పెద్ద పాత్రలో సాధారణముగా సోడానీరు కలిపిన ద్రాక్షాసవమును పోసికొని, నలుగురు చేతులు మార్చుకొనుచు త్రాగుట కలదు. ఆ మర్యాద తెలియని యాత్రికుడు ఒక్కడే ఆ పాత్రను ముగింపబూనిన నేమగునో మీరే యూహింపుడు.

ఆస్ట్రియాలో లీటరులో నెనిమిదవ వంతును "అఖ్టెల్" అనియు, నాలవ వంతును "ఫియెర్టెల్" అనియు నందురు. అనగా 125, 250 మిల్లీలీటర్లు. వియన్నా నగరపు టంచున ద్రాక్షతోటల రైతులు తమ పంటను తామే అమ్ముకొను శాలలు కలవు. 1784లో రెండవ జోసెఫు చక్రవర్తి అట్లమ్ముకొనుటకు రైతులకు హక్కు నిచ్చెను. ఆ శాలలలో పిడిగల గాజుచెంబులో పావు లీటరు పోయుట వాడుక. మితముగా నుండదలచినవారు సగము సోడానీరు కలిపించుకొందురు. స్విట్జర్లాండులో లెక్క ఇంకను సుబోధము. అక్కడ లీటరులో పదవ వంతును "డెసి" యందురు. ధరల పట్టికలోను డెసి లెక్కనే యుండును. ఒక డెసి, రెండు డెసులు, మూడు డెసులు అని యడిగినవానికి అంతే వచ్చును. గ్లాసను మాటతో పనియే లేదు. నా మనస్సునకు ఈ పద్ధతి యన్నిటికంటె బాగున్నది.

ఫ్రాన్సులో ధరల పట్టికపై సెంటీలీటర్లలో పరిమాణమును చూపుదురు. ఒక సెంటీలీటరు పది మిల్లీలీటర్లు. 12 అని యున్న 120 మిల్లీలీటర్లు. 15 అని యున్న 150. గ్లాసునకు సాధారణముగా ఈ రెంటి నడుమ పోయుదురు. చిన్న కూజాలో 25, పెద్ద కూజాలో 50 సెంటీలీటర్లు నుండును. ఇటలీలో పావు లీటరు కూజాను "క్వార్తీనో" అందురు. కూజా చూచుటకు ముచ్చటగా నుండును గాని పావు లీటరు కూజా ఇంగ్లండు పెద్ద గ్లాసుతో సమానమని మరువరాదు.

అమెరికాలో మరియొక రీతి. అక్కడ గ్లాసున కింత పోయవలెనని దేశమంతటికిని చెల్లు కేంద్రచట్టము లేదు. వాడుకలో అయిదు ఔన్సులో, ఆరు ఔన్సులో పోయుదురు. కొన్ని చోట్ల తొమ్మిది ఔన్సుల పెద్ద కొలతయు కలదు. అమెరికా ఔన్సు ఇంచుమించు 29.6 మిల్లీలీటర్లు గనుక అయిదు ఔన్సులు సుమారు 148, ఆరు 177, తొమ్మిది 266 మిల్లీలీటర్లు. పట్టికలో కొలత వ్రాయకున్న నడుగవలసినదే. ఆస్ట్రేలియాలో ప్రభుత్వపు ప్రమాణ పానీయమున పది గ్రాముల మద్యసార ముండును. అనగా సుమారు నూరు మిల్లీలీటర్ల ద్రాక్షాసవము. భోజనశాలలలో మాత్రము 150 పోయుట పరిపాటి. కాబట్టి అక్కడ నొక గ్లాసనగా ప్రమాణము ప్రకార మొకటిన్నర.

ఇక్కడ నొక హెచ్చరిక. ప్రమాణ పానీయమను మాటయు దేశదేశమునకు మారును. ఇంగ్లండు యూనిటులో ఎనిమిది గ్రాములు, ఆస్ట్రేలియాలో పది, అమెరికాలో పదునాలుగు. లండను పత్రికలో జదివిన యూనిట్ల లెక్కను డల్లసులో పట్టుకొనిపోయిన లెక్క చెడును. మిల్లీలీటరు మాత్రము ఎక్కడను మారదు. విమానములో నిచ్చు చిన్న సీసా తరచుగా 187 మిల్లీలీటర్లుండును. పెద్ద సీసాలో పావుభాగము. అదియు చిన్న గ్లాసు కాదని గ్రహింపవలెను.

కంటిచూపుతో కొలత తెలియదా యని కొందరడుగవచ్చును. తెలియదు, ఏలయనగా పాత్రయే పెరిగిపోయినది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పరిశోధకులు మూడు వందల యేండ్ల కాలమునకు చెందిన 411 గాజుపాత్రల కొలతలను సేకరించి 2017లో ప్రకటించిరి. పదునెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో ద్రాక్షాసవపు పాత్రకు సగటున 66 మిల్లీలీటర్లు పట్టెడివి. 2016, 2017 సంవత్సరముల పాత్రకు సగటున 449 పట్టును. దాదాపు ఏడు రెట్లు. 1745లో గాజుపై విధించిన పన్ను 1845లో తొలగుటయు, గాజుపని యంత్రములచే సులభమగుటయు ఇందుకు కారణములలో గొన్ని. ఇంతటి పాత్రలో 125 పోసిన అడుగున నున్నట్లుండును. 250 పోసినను సగము నిండినట్లే యుండును. అరగ్లాసే యిచ్చిరని మనవాడు చిన్నబుచ్చుకొనును గాని, అది సీసాలో మూడవ వంతు.

ఎదుట నున్న కొలత మన త్రాగుడును నడిపించుననుటకు ఆ విశ్వవిద్యాలయమువారే మరియొక నిదర్శనము చూపిరి. ఇంగ్లండులోని 21 పానశాలలలో నాలుగు వారములు పెద్ద కొలతను పట్టికనుండి తొలగించి చూచిరి. అమ్ముడైన ద్రాక్షాసవము నూటికి 7.6 పాళ్ళు తగ్గినట్లు 2024లో ప్రకటించిరి. త్రాగవలదని యెవ్వరును బోధింపలేదు. పెద్ద గ్లాసు కనబడకపోవుటయే చాలినది. మనుజుడు దాహమునుబట్టి కాక పాత్రనుబట్టి త్రాగునని దీనివలన తేలుచున్నది.

ధర విషయమును జూతము. ఒక శాలలో 175 మిల్లీలీటర్లు ఏడు పౌనులనియు, ప్రక్క శాలలో 125 మిల్లీలీటర్లు అయిదున్నర పౌనులనియు నున్నదనుకొందము. రెండవది చౌక యని తోచును. త్రైరాశికము వేసిన మొదటిచోట మిల్లీలీటరునకు నాలుగు పెన్నీలు, రెండవచోట 4.4 పెన్నీలు. అనగా చౌక యనిపించినదే ప్రియము. అయితే ఇందొక మెలిక కలదు. పెద్ద కొలత కొన్న మిల్లీలీటరు చౌక పడునని ఆశపడి పెద్దదే కొనుట రైతు బుద్ధి కాదు. అక్కరలేని సరుకును చౌకగా కొన్నవాడు లాభపడడు. సంతలో మనమీ సూత్రమును పాటింతుము, విందులో మరతుము.

కారు నడుపు బిడ్డల విషయము ఇంకను ముఖ్యము. ఇంగ్లండు, వేల్సులలో నూరు మిల్లీలీటర్ల రక్తమున 80 మిల్లీగ్రాముల మద్యసారము మించరాదు. స్కాట్లండులో 2014 నుండి హద్దు 50. జర్మనీలోను సాధారణముగా 50. మన దేశమున 30. హంగరీ, చెక్ దేశములలో సున్న. ఒక దేశమునుండి మరియొక దేశమునకు కారులో పోవువారు సరిహద్దు దాటిన వెంటనే నేరస్థులు కావచ్చును. "ఒక్క గ్లాసే గదా నాన్నా" అని బిడ్డ యన్నప్పుడు తండ్రి యడుగవలసిన దొక్కటే: "ఎన్ని మిల్లీలీటర్లు?" జవాబు చెప్పలేకున్న తాళపుచెవి యాతని చేతి కీయరాదు. చెప్పగలిగినను, నడుపువాడు ముట్టకుండుటయే పెద్దల నియమము కావలెను.

ఇప్పుడు ఆచరణకు కొన్ని మాటలు. పరదేశమున గూర్చున్నప్పుడు ముందుగా ధరల పట్టికను తెప్పించుకొని సంఖ్య చూడుడు. సంఖ్య లేకున్న నడుగుడు. అడుగుట అమర్యాద కాదు, అక్కడివారును అడుగుదురు. ఇంగ్లండులో చిన్నది యనక, సంఖ్యను చెప్పి "వన్ ట్వెంటీఫైవ్" అనుడు. స్విట్జర్లాండులో "ఒక డెసి" యనుడు. జర్మనీలో గీతను చూడుడు. గ్లాసు ఖాళీ కాకమునుపే మరల పోయనీయకుడు. సగములో పోసిన లెక్క యెవ్వరికిని తెలియదు. ప్రక్కనే మంచినీళ్ళ గ్లాసు నుంచుకొనుడు. ఆకలి కడుపున ముట్టకుడు. ఇంటి విందులలో కొలత యుండదు, సీసా మాత్ర ముండును; అక్కడ సీసాను ఆరు పాళ్ళుగా భావించి చూచుకొనవలెను. వలదనదలచినవారు చేతితో గ్లాసును మూసి "నాకు మంచినీళ్ళు చాలునండి" యనిన చాలును. దానికి కారణము చెప్పవలసిన ఋణము మనకు లేదు. అతిథి మర్యాద మితిమీరి త్రాగుటలో నుండదు. ఆతిథేయుని మర్యాద మితిమీరి పోయుటలో నుండదు.

సంస్కృతమున "మానము" అను శబ్దమునకు కొలత యనియు, గౌరవమనియు రెండర్థములు కలవు. రెండును వేరు వేరు ధాతువులనుండి వచ్చినవని వైయాకరణులందురు. కాని పరదేశపు పంక్తిలో కూర్చున్న పెద్దవానికి రెండును ఒక్కటే. కొలత యెరిగి యడిగినవాని మాటను వడ్డించువాడు మన్నించును, వైద్యుడు మెచ్చును, ప్రక్కనున్న బిడ్డలు నేర్చుకొందురు. మన యూళ్ళలో ధాన్యము కొలుచునప్పుడు కుంచముపై పొడుచుకొని వచ్చినదానిని చేతితో తుడిచి సమము చేసెడివారము. ఆ చేతిని పరదేశమునకును తీసికొనిపోవుడు. మీ పిల్లలకు ఉత్తరము వ్రాయునప్పుడో, ఫోనులో మాటలాడునప్పుడో ఈ నాలుగు సంఖ్యలను చెప్పుడు: సీసా 750, చిన్నది 125, నడిమిది 175, పెద్దది 250. తక్కినదానిని వారి బుద్ధియే చెప్పును.